48 గంటలన్నారు, తొమ్మిది రోజులైంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గాజువాక. మా నాన్నకు 61 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగరు ఉంది. ఆయనకు నడుము ఎడమవైపు నొప్పి, వణుకుతో జ్వరం వస్తే మా వీధిలోని ఆర్‌ఎంపీ గారు రెండు రోజులు సెలైన్ పెట్టి ఇంజెక్షన్లు చేశారు. మూడో రోజు మాట తడబడి, ఊపిరి ఎగపోస్తుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. కిడ్నీలో రాయి అడ్డుపడి చీము పట్టిందని ఆ రాత్రే స్టెంటు వేశారు. మర్నాటికి సెప్సిస్ అన్నారు, వెంటిలేటరు పెట్టారు, డయాలసిస్ మొదలుపెట్టారు. తొమ్మిది రోజులైంది. రోజూ కౌన్సెలింగ్‌లో ‘48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం’ అనే మాటే. స్టెంటు గుండెకు వేస్తారు గానీ కిడ్నీకి వేయడమేమిటి, ఇదంతా మోసమని మా బావ అంటున్నాడు. మనిషి ఎప్పుడో పోయాడు, బిల్లు కోసం వెంటిలేటరు మీద ఉంచారని పెదనాన్న అంటున్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య హైదరాబాద్ తీసుకెళ్లమంటున్నాడు. చేతులు మంచానికి కట్టేశారని అమ్మ ఏడుస్తోంది. అనకాపల్లి దగ్గర ఉన్న అరెకరం బేరానికి పెట్టాం. ఈ డయాలసిస్ జీవితాంతం ఉంటుందా? ఎంతవరకు ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ముఖ్యమైన నాలుగు మాటలు రాసి పంపాను. ఐసీయూ బయట కుర్చీల్లో పడిగాపులు పడేవాళ్లకు ఈ శీర్షిక వెలువడే దాకా ఆగే వీలుండదు. ఇప్పుడు రాస్తున్నది అదే జవాబు, కాస్త విడమరిచి. విశాఖలో ఏ పెద్ద ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నా ఇవే ప్రశ్నలు వినబడతాయి కాబట్టి మిగతావాళ్లకూ పనికొస్తుంది.

ముందు మీ బావగారి అనుమానం తీర్చేద్దాం, అది తేలిక. స్టెంట్లు మూత్రనాళానికీ వేస్తారు. దీన్ని డీజే స్టెంటు అంటారు. రెండు కొసలూ వంకీ తిరిగి ఉండే మెత్తని సన్నటి గొట్టం అది. ఒక కొస కిడ్నీలో, రెండోది మూత్రాశయంలో కూర్చుంటుంది. రాయి అడ్డుపడి, దాని వెనక మూత్రం నిలిచి చీముగా మారినప్పుడు ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా ఆ చీములోకి సరిగా దిగదు. దారి తెరిచి దాన్ని బయటికి పంపాలి. స్టెంటు ఎక్కని వారికి వీపు వైపు నుంచి నేరుగా కిడ్నీలోకి గొట్టం వేస్తారు. మీ నాన్నగారికి ఆ రాత్రి జరిగినవాటిలో అన్నిటికంటే మేలు చేసిన పని అదే. మరి రాయిని కూడా అప్పుడే ఎందుకు తీయలేదని మీ బావగారు రెండో ప్రశ్న వేస్తారేమో. చీము పట్టి ఉండగా రాయిని కదిలిస్తే క్రిములు రక్తంలోకి మరింతగా చేరతాయి. రాయి పని ఒళ్లు కుదుటపడ్డాకే.

ఇక అసలు జబ్బు. ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి శరీరం మొదలుపెట్టిన పోరాటం అదుపు తప్పి, ఆ పోరాటమే సొంత అవయవాలను దెబ్బతీయడాన్ని సెప్సిస్ అంటున్నారు. 2016లో వైద్య నిపుణులు కుదిర్చిన నిర్వచనం సారాంశం ఇదే. రక్తనాళాలు వదులైపోతాయి, వాటి గోడల నుంచి నీరు కారిపోతుంది, సన్నటి నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. గట్టుకు గండ్లు పడిన కాలువ ఎలా ఉంటుందో మీ అనకాపల్లి రైతులకు చెప్పనక్కరలేదు. నీరు దారిలోనే కారిపోతుంది, శివారు పొలాలు ఎండుతాయి. కిడ్నీలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు ఇక్కడ శివారు పొలాలు. జబ్బు కిడ్నీలో మొదలైతే ఊపిరితిత్తులకు మిషను ఎందుకు అని మీ ఇంట్లో ఎవరో అడిగే ఉంటారు. కారిన నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కదు, అందుకు. ముఖం, కాళ్లూ చేతులూ ఉబ్బి గుర్తుపట్టలేనట్లు ఉన్నారంటే దానికి కారణమూ అదే. ఇదేదో అరుదైన రోగమనుకోకండి. 2017లో ప్రపంచం మొత్తం మీద సుమారు 4 కోట్ల 89 లక్షల మంది సెప్సిస్ బారిన పడ్డారని, కోటీ పది లక్షల మంది చనిపోయారని అంచనా.

ఇప్పుడు ‘48 గంటల’ మాట. అది అబద్ధం కాదు, బద్ధకం. సెప్సిస్ గంటగంటకూ మారే జబ్బు కాబట్టి ఫలానా రోజుకు లేచి కూర్చుంటారని ఏ డాక్టరూ చెప్పలేరు. కానీ నిన్నటి నుంచి ఈరోజుకు ఎటు కదిలారో మాత్రం తప్పకుండా చెప్పగలరు, చెప్పాలి. మీరు ‘నాన్న బతుకుతారా’ అని అడిగినంత కాలం వాళ్లు ఆ 48 గంటల మాట వెనక దాక్కుంటూనే ఉంటారు. అడిగే పద్ధతి మార్చండి. ఒక నోటు పుస్తకం కొని, రోజుకో పేజీ పెట్టి, నేను చెప్పే కొద్ది సంగతులు రాసుకోండి. డాక్టరు ఎంత బిజీగా ఉన్నా పుస్తకం తెరిచి కూర్చున్న మనిషికి కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు చెబుతారు. ఇది నేను అటువైపు కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్న మాట.

మొదటిది బీపీ మందు. పేరు నార్ఎడ్రినలిన్, నర్సులు నోరాడ్ అంటారు. మంచం పక్కన సిరంజి పంపులో ఉంటుంది. వదులైన రక్తనాళాలను బిగించి, సగటు రక్తపోటు 65కు తగ్గకుండా చూడటం దాని పని. ఇది రోజురోజుకూ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది మీకు తెలియవలసినవాటిలో ముఖ్యమైన సంగతి. ఇందులో ఒక కిటుకు ఉంది. పంపు మీద గంటకు ఎన్ని మిల్లీలీటర్లని కనబడే అంకెను మాత్రమే చూసి సంతోషించకండి. సిరంజిలో రెండు ఆంప్యూళ్లు కలిపే చోట నాలుగు కలిపితే అంకె సగమవుతుంది, మందు మాత్రం అంతే వెళుతుంది. ‘ఎన్ని మైక్రోగ్రాములు వెళుతోందండీ’ అని అడగండి. దానికి తోడు వాసోప్రెసిన్ అనే రెండో బీపీ మందు మొదలుపెట్టారంటే, రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నారంటే మొదటి మందుకు బీపీ నిలవడం లేదని అర్థం. అవి ఒక్కొక్కటే ఆపుతున్నారంటే మంచి కబురు.

రెండోది వెంటిలేటరు ఇస్తున్న ఆక్సిజన్ శాతం. మనం పీల్చే గాలిలో 21 శాతం ఉంటుంది. మొదట్లో వందకు వంద పెట్టి ఉంటారు. అది 60కి, 40కి దిగితే ఊపిరితిత్తులు కోలుకుంటున్నట్లు. ఊపిరితిత్తులు బాగా చెడితే రోజుకు 12 గంటలకు పైగా బోర్లా పడుకోబెడతారు. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ప్రయోజనం ఉన్న పద్ధతే, అడ్డు చెప్పకండి.

మూత్రం ఎంత వస్తోందో అడగండి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 700 పైచిలుకు రావాలి. డయాలసిస్ జరుగుతున్నా నిన్న 50, ఈరోజు 150, రేపు 300 అని పెరుగుతుంటే కిడ్నీలు మేలుకుంటున్నాయి. తర్వాత లాక్టేట్. రక్తం అందక కణాలు ఇబ్బంది పడినప్పుడు పెరిగేది ఇది. బీపీ మందు మీద ఉండి, తగినంత సెలైన్ ఎక్కించాక కూడా ఇది 2 దాటి ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటారు, అలాంటివారిలో నూటికి 40 మందికి పైగా ఆసుపత్రిలోనే చనిపోతారు. అంకె కటువుగా ఉంది, తెలుసు. అయితే అన్ని రకాల సెప్సిస్‌లనూ ఒక్కచోట కలిపి వేసిన లెక్క అది. పేగు పగిలిన వారితోనో నిమోనియా వచ్చిన వారితోనో పోలిస్తే మూత్ర మార్గంలో మొదలైన సెప్సిస్‌లో, అదీ చీముకు త్వరగా దారి చూపించినప్పుడు, కోలుకునేవారు ఎక్కువ.

ప్లేట్‌లెట్లు, కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్ ఏ రోజుకారోజు రాసుకుంటే చాలు, వాటి గురించి తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. స్పృహ మాత్రం ముఖ్యం. మత్తు మందు ఆపి చూశారా, ఆపితే పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచారా, చెయ్యి నొక్కమంటే నొక్కారా అని అడగండి. వీటన్నిటినీ కలిపి డాక్టర్లు సోఫా స్కోరు అని ఒక లెక్క వేస్తారు. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టడం, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, కిడ్నీలు ఆరింటికీ సున్నా నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. బడిలో లాగా కాదు, ఇక్కడ తక్కువ వస్తేనే మంచిది, 24 అన్నిటికంటే చెడ్డది. మొదటి రోజు ఎంత, ఈరోజు ఎంత అని అడగండి. ఒక్క రోజు అంకె చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. మూడు రోజుల వరుస చూస్తే దారి తెలుస్తుంది.

తొమ్మిదో రోజుకు వచ్చారు కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి. మొదటి తుపాను దాటిన రోగులను ఈ దశలో పడగొట్టేది ఎక్కువగా రెండో ఇన్ఫెక్షన్. వెంటిలేటరు గొట్టం వల్ల నిమోనియా రావచ్చు, మందులు ఎక్కించడానికి మెడలో వేసిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్ దగ్గర క్రిములు చేరవచ్చు, షుగరు ఉన్నవారికి ఫంగస్ సోకవచ్చు. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, తగ్గుతున్న బీపీ మందు మళ్లీ పెరిగినా కొత్తగా కల్చర్లు, అంటే క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షలు, పంపారా అని అడగండి. మొదటి రోజు పంపిన రక్తం, మూత్రం, చీము కల్చర్ల రిపోర్టులు ఈపాటికి వచ్చే ఉంటాయి. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది అన్నది కాగితం మీద ఉంటుంది, కాపీ తీసుకోండి. మన దేశంలో మూత్రంలో దొరికే ఈ-కోలై, క్లెబ్సియెల్లా క్రిములు చాలా మందులకు లొంగడం మానేశాయి కాబట్టి మెరోపెనెం, ఒక్కోసారి కొలిస్టిన్ వంటి పెద్ద యాంటీబయాటిక్‌ల దాకా వెళ్లవలసి వస్తుంది. కానీ రిపోర్టులో చిన్న మందుకే లొంగుతుందని వచ్చిన తర్వాత కూడా పెద్ద మందే కొనసాగిస్తుంటే ఎందుకని అడగండి. మందు తగ్గిస్తే వైద్యం తగ్గించినట్లు మనవాళ్లు భావిస్తారు. నిజానికి తగ్గించగలిగిన ఐసీయూనే నేను ఎక్కువ నమ్ముతాను.

పెదనాన్నగారి మాటకు వద్దాం. వెంటిలేటరు ఊపిరితిత్తుల్లోకి గాలి నెడుతుంది, అంతే. గుండెను కొట్టించలేదు. గుండె ఆగిన మనిషిని వెంటిలేటరు మీద రోజుల తరబడి ఉంచడం ఎవరి వల్లా కాదు, ఒళ్లు చల్లబడటం, బిగుసుకోవడం కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది. లోపలికి వెళ్లినప్పుడు పెదనాన్నగారినే మణికట్టు పట్టుకుని నాడి చూడమనండి. మూత్రపు సంచీలో మూత్రం చేరుతుంటే కూడా తెలుస్తుంది. మెదడు చనిపోవడం అనేది వేరే సంగతి, దానికి చట్టం చెప్పిన పరీక్షలున్నాయి. కిడ్నీ సెప్సిస్‌లో సాధారణంగా ఆ ప్రసక్తే రాదు.

అలాగని బిల్లు మీద అనుమానం పడవద్దని నేను అనను. అనుమానం సరైన చోట పెట్టండి. ఆక్సిజన్, నార్ఎడ్రినలిన్, సెలైన్, యాంటీబయాటిక్, డయాలసిస్ వంటివాటి అవసరాన్ని ప్రశ్నించి లాభం లేదు. ప్రశ్నించవలసినవి వాటికి పైన వచ్చి చేరేవి. ‘రక్తంలో విషాన్ని వడపోసే ప్రత్యేక ఫిల్టరు ఉంది, పెడదామా’ అంటారు. ‘ఇమ్యునోగ్లోబులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఇచ్చి చూద్దామా’ అంటారు. సెప్సిస్ వైద్యానికి ప్రపంచమంతా చూసే 2021 నాటి మార్గదర్శకాలు ఇమ్యునోగ్లోబులిన్ వాడవద్దనే సూచించాయి. ఆ ఫిల్టర్లలో పాలీమిక్సిన్ రకాన్నీ వద్దన్నాయి, మిగతా ఫిల్టర్లకు సిఫారసు చేసేటంత ఆధారం లేదన్నాయి. ఇవి ఇస్తే తప్పక హాని జరుగుతుందని కాదు. వీటికోసం అరెకరం అమ్మే పని లేదని. ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీను సంగతి వేరు, సెలైన్ చాలా ఎక్కించవలసి వచ్చినవారికి దాన్ని ఆ మార్గదర్శకాలే అనుమతించాయి. ఏ ఖరీదైన వస్తువు పేరు విన్నా ఒకే ప్రశ్న వేయండి: ‘ఇది వాడకపోతే ఏమవుతుంది?’ జవాబు చెప్పేవారి ముఖం చూస్తేనే మీకు సగం అర్థమవుతుంది. వివరాలతో కూడిన బిల్లు ఏ రోజుదారోజు అడిగి తీసుకోండి. చివర్లో ఒక్కసారిగా చూస్తే గుండె ఆగేది అటెండెంట్లకే.

రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటరుకు ఈరోజే వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఆసుపత్రికి ఏయే చికిత్సలకు అనుమతి ఉందో, మీ నాన్నగారికి ఏది వర్తిస్తుందో అడగండి, 104కు ఫోన్ చేసి సరిచూసుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి ప్రతి బిల్లూ దాచాలి. కేస్ షీటు కాపీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనల్లో ఉంది. ఆ కాగితాలు లేకుండా రెండో డాక్టరు సలహా అడగడం వృథా.

మీ అన్నయ్య హైదరాబాద్ అంటున్నారు. అమెరికాలో ఉన్న కొడుకులకు హైదరాబాద్ చాలా దగ్గరగా కనిపిస్తుంది. రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. బీపీ మందు పెద్ద మోతాదులో వెళుతూ, ఆక్సిజన్ 70, 80 శాతం మీద ఉన్న మనిషిని అంబులెన్సులో అంత దూరం తిప్పడం నేను ఒప్పుకోను. ఒక్క సిరంజి మార్చడంలో ఆలస్యమైనా తుని దాటకముందే అంతా అయిపోవచ్చు. విశాఖలో లేనిదేదో హైదరాబాద్‌లో ఉంటేనే ఆ ప్రయాణానికి అర్థం. మీ నాన్నగారికి కావలసినవి యూరాలజిస్టు (స్టెంటు, రాళ్ల పని చూసే సర్జన్), కిడ్నీ డాక్టరు, అనుభవమున్న ఐసీయూ సిబ్బంది, డయాలసిస్. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా నుంచి జనం వీటికోసం విశాఖకే వస్తారు. డబ్బు నిండుకుని మారవలసి వస్తే ప్రభుత్వ ఆసుపత్రులు వందేళ్లు దాటిన కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది. అయితే అక్కడ వెంటిలేటరున్న మంచం ఖాళీగా ఉందని డ్యూటీ డాక్టరు నోటితో విన్న తర్వాతే ఇక్కడి నుంచి కదపండి. అన్నయ్యగారితో వీడియో కాల్‌లో ఐసీయూ డాక్టరును ఒకసారి మాట్లాడించండి, తర్వాత కుటుంబం తరఫున మాట్లాడే మనిషి ఒక్కరే ఉండండి. ఆ ఒక్కరు మీరే అయితే మంచిదని ఉత్తరం చదివాక నాకు అనిపించింది. అయిదుగురు అయిదు సార్లు అడిగితే అయిదు రకాల జవాబులు వస్తాయి, పోట్లాట బయట మీ వాళ్ల మధ్యే మొదలవుతుంది.

అమ్మగారి బాధ న్యాయమైనది. చేతులు కట్టడం చూడలేం. మత్తు కాస్త తగ్గగానే ఐసీయూ రోగులు చాలామంది అయోమయంలో పడతారు. పగలో రాత్రో తెలియదు, ఎవరో చంపడానికి వచ్చారనుకుంటారు, నోట్లోని గొట్టం పీకేస్తారు. అది పీకితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది, అందుకని కడతారు. కానీ ఇరవై నాలుగు గంటలూ కట్టి ఉంచనక్కరలేదు. అమ్మగారు పక్కన కూర్చున్నంతసేపు విప్పమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కళ్లజోడు, చెవి మిషను ఉంటే లోపలికి ఇప్పించండి. ఈరోజు ఏ వారమో, ఇంట్లో ఎవరెలా ఉన్నారో ఆవిడ మామూలు గొంతుతో చెబుతూ ఉండాలి. వినబడదులే అని ఆస్తి గొడవలు మాత్రం ఆ మంచం దగ్గర మాట్లాడకండి.

డయాలసిస్ జీవితాంతమా అన్నారు. సెప్సిస్‌లో ఒక్కసారిగా దెబ్బతిన్న కిడ్నీలు, మనిషి బతికి బయటపడితే, చాలామందిలో వారాల్లోనో, రెండు మూడు నెలల్లోనో డయాలసిస్ అవసరం లేనంతగా కోలుకుంటాయి. మీ విషయంలో తేడా తెచ్చేది పాత చరిత్ర. పదిహేనేళ్ల షుగరు అంతకుముందే కిడ్నీలను ఎంత తినేసిందో చూడాలి. గడిచిన రెండు మూడేళ్లలో ఎప్పుడైనా చేయించిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు ఇంట్లో బీరువాలో వెతకండి. 1 దగ్గర ఉంటే ఆశ ఎక్కువ, 2 దాటి ఉంటే కొంత నష్టం మిగిలిపోవచ్చు. ఆ కాగితం డాక్టర్లకు కూడా చూపించండి, వాళ్లు దానికోసమే చూస్తుంటారు. బీపీ నిలవని రోజుల్లో రోజుకు ఆరు నుంచి పన్నెండు గంటలపాటు నెమ్మదిగా చేసే డయాలసిస్ ఉంటుంది, అలా చేస్తున్నారంటే పరిస్థితి విషమించిందని కంగారు పడకండి.

ఇక చివరి ప్రశ్న, ఎక్కడ ఆగాలి. దీనికి నా దగ్గర ఉన్న పద్ధతి ఒక్కటే. డాక్టరుతో కూర్చుని గడువు పెట్టుకోండి. ‘ఇంకో అయిదు రోజులు అన్నీ చేద్దాం, ఆరో రోజు ఇవే అంకెలు ముందు పెట్టుకుని మళ్లీ మాట్లాడదాం’ అనండి. అంకెలు మంచివైపు కదులుతుంటే, నెమ్మదిగానైనా సరే, అరెకరం అమ్మినా నేను తప్పు పట్టను. 61 ఏళ్లకు, కారణం తెలిసి, దానికి దారి చూపించిన జబ్బుకు పోరాడటంలో అర్థముంది. పదో రోజు, పన్నెండో రోజు గొంతుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడతామంటే భయపడకండి. అది వెంటిలేటరు నుంచి నెమ్మదిగా తప్పించడానికి చేసే ఏర్పాటు, తర్వాత మూసుకుపోతుంది.

అంకెలన్నీ చెడువైపే కదులుతుంటే, బీపీ మందులు రెండు రకాల నుంచి మూడు రకాలకు పెరుగుతుంటే, మత్తు ఆపినా కళ్లు తెరవకపోతే అప్పుడు వేరే ప్రశ్న అడగాలి. మీ నాన్నగారే ఆ కుర్చీలో కూర్చుని వింటుంటే ఏమనేవారు? ఎవరైనా బంధువు ఇలా పడి ఉన్నప్పుడు ఆయన ఎప్పుడైనా ఏమైనా అన్నారా? అమ్మగారికి తెలిసి ఉంటుంది, ఆవిడను అడగండి. గుండె ఆగితే ఛాతీ నొక్కవద్దని కుటుంబం డాక్టర్లతో కలిసి నిర్ణయించుకోవచ్చు. కొత్త చికిత్స మొదలుపెట్టకూడదన్నా, పెట్టిన వెంటిలేటరు తీయాలన్నా 2018 మార్చి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పు దారి చూపింది, 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభం చేసింది. ఆసుపత్రి వైద్యుల బోర్డు ఒకటి, జిల్లా వైద్యాధికారి నియమించే డాక్టరు ఉన్న రెండో బోర్డు ఒకటి సరేననాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలని కోర్టు చెప్పింది. చూశారా, ఆ 48 గంటలకు నిజంగా అర్థమున్న చోటు ఇది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది మాత్రం ఇది కాదు. ‘మా ఇష్టప్రకారం తీసుకెళుతున్నాం’ అని సంతకం పెట్టి, గాలి సంచీ నొక్కుతూ అంబులెన్సులో ఇంటికి బయలుదేరతారు. ఇంటి గడపలో పోవాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ బీపీ మందు ఆపి, మత్తు లేకుండా, ఊపిరి అందక దారిలో పోవడం ఆ మనిషికి నరకం. ఆగాలని నిశ్చయించుకుంటే నొప్పికి, ఆయాసానికి మందులు ఇస్తూ అక్కడే ఉంచమని, అమ్మగారిని పక్కన కూర్చోనివ్వమని అడగండి. బిల్లు బాకీ ఉందని మనిషినిగానీ పార్థివ దేహాన్నిగానీ ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు, రోగుల హక్కుల పత్రంలో ఆ సంగతి స్పష్టంగా ఉంది.

మిగతా పాఠకులకు ఒక మాట. షుగరు ఉన్నవారికి నడుము పక్క నొప్పితో వణుకు జ్వరం వస్తే అదే రోజు కడుపు స్కానింగ్, మూత్ర పరీక్ష జరగాలి. రెండు రోజుల సెలైన్‌తో గడిపే జ్వరం కాదది. వానలు వెలిశాక ఏజెన్సీ వైపు, జీడి తోటల్లో తిరిగి వచ్చి జ్వరం పట్టుకుంటే స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) పరీక్ష కూడా అడగండి. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి మచ్చ ఉందేమో వెతికి డాక్టరుకు చూపించండి. సకాలంలో తెలిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రతో పోతుంది, తెలియకపోతే అదీ ఇదే ఐసీయూకు చేరుస్తుంది.

మీ నోటు పుస్తకం మొదటి పేజీలో ఇప్పుడే ఒకటి రాయండి, అమ్మా: స్టెంటు వేసిన తేదీ. మీ నాన్నగారు ఇంటికి వచ్చాక నడక నేర్చుకోవడం, షుగరు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం ఇన్ని గొడవల్లో అందరూ మరిచిపోయేది దాన్నే. డీజే స్టెంటు లోపల శాశ్వతంగా ఉండిపోయే వస్తువు కాదు. రాయి తీసే పనితో పాటు, మామూలుగా మూడు నెలల లోపే దాన్నీ తీయించాలి. మరిచిపోతే దాని చుట్టూ రాళ్లు పట్టి మళ్లీ ఇదే దారి మూసుకుంటుంది. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాశారో లేదో చూసి, రాయకపోతే యూరాలజిస్టు చేత రాయించుకున్న తర్వాతే ఆసుపత్రి గేటు దాటండి.